మొదటి చిటపట

ఆర్మూర్,
నవంబర్ 6.

సోదరి కరుణశ్రీ గారికి,

మీరు స్కూటర్ మీద నుంచి పడిన మరునాడు మీ కాఫీ దుకాణం ముందు జరిగినది, జరిగిన వరుసలోనే రాస్తున్నాను.

1. షట్టరు మూసి ఉంది. తాళంచెవి మీరు రోజూ తగిలించి వెళ్లే చోటే, పక్కనున్న మా మోటార్ వైండింగ్ షాపులో, మేకుకు ఉంది.

2. పసుపు మార్కెట్ హమాలీ ఎంకటి వచ్చాడు. షట్టరును చూశాడు, నన్ను చూశాడు, ఏమీ అడగకుండా మెట్టు మీద కూర్చున్నాడు.

3. పెర్కిట్ ఆటో జాన్ వచ్చాడు. రోడ్డు మీద ఆరబోసిన మక్కజొన్నల మీద మీ బండి జారినప్పుడు మిమ్మల్ని దవాఖానకు చేర్చినవాడు గనుక, జరిగింది అందరికీ ఆయనే చెప్పాడు.

4. ఏర్గట్ల మొదటి బస్సుకు కూరగాయల గంపతో నీలవ్వ దిగింది.

5. నేను ఒక అట్టముక్క మీద "యజమాని అస్వస్థత కారణంగా దుకాణం మూసివేయబడినది" అని రాసి తెచ్చాను. నీలవ్వ కళ్లకు పొరలు కదా, చదివి వినిపించమంది. వినిపించాను.

6. నీలవ్వ ఆ అట్టముక్కను నా చేతిలో నుంచి తీసుకొని, కింద పరిచి, దాని మీద గంప దించింది.

అంతవరకు వరుస ఉంది. ఆ తరువాత అందరూ ఒకేసారి మాట్లాడారు.

"మూసుడెందుకు?" అన్నది నీలవ్వ. "నాకు జరమొచ్చినప్పుడు నా చేన్ల కలుపు ఆగిందా? వాడకట్టోళ్లు వచ్చి తీసిపోయిండ్రు. నేను లేషినంక వాళ్ల చేన్లకు పోయిన. బదులు. గిది గూడ గంతే."

"అవ్వా, గిది కాఫీ. కలుపు తీసుడు గాదు," అన్నాడు జాన్.

"నువ్వు ఆటో తోలుడు తల్లి కడుపులనే నేర్చినవారా?"

ఎంకటి లేచి వెళ్లి మేకు మీది తాళంచెవి తెచ్చాడు. షట్టరు లేచింది. నీలవ్వ పాలు కాచింది. జాన్ గ్లాసులు అందించాడు. మీరు ముందురోజే వేయించి పొడి పట్టి డబ్బాల్లో ఉంచినదానితో డికాక్షన్ నేను తీశాను. మీరు తీస్తుండగా ఇన్నేళ్లు చూసినవాడిని గనుక ధైర్యం చేశాను. కాఫీ మీ కాఫీలా లేదు. అయినా ఎవరూ గ్లాసులో చుక్క మిగల్చలేదు.

నేను ఏడో తరగతితో బడి మానినవాడిని. తెలిసిన కొద్దిపాటి విద్యా పాత మోటార్లు విప్పి, దొరికిన పుస్తకాలు చదివి నేర్చినదే. ఏ వస్తువైనా ఎందుకు తిరుగుతున్నదో విప్పి చూస్తే తెలుస్తుందని నా నమ్మకం. మీ దుకాణం మీరు లేకుండా ఎలా తిరిగిందో మాత్రం, డికాక్షన్ దిగుతున్నంతసేపూ ఆలోచించినా అంతుపట్టలేదు.

ఫోను చూడరాదని, కాగితమైతే కొద్దికొద్దిగా చదవవచ్చునని డాక్టర్లు అన్నట్టు, మిమ్మల్ని హైదరాబాద్ తీసుకుపోయిన మీ అక్కగారు చెప్పినందున ఈ ఉత్తరం.

ఉదయం 9:40.
అంకం రఘునందన్


హైదరాబాద్,
నవంబర్ 19.

రఘునందన్ అన్నా,

పెన్సిల్‌తోటి రాస్తున్న. రెండు లైన్లు రాస్తే తల తిరుగుతది, పండుకుంట, మళ్ల లేషి రాస్త. గందుకే అక్షరాలు ఒక్క తీరుగ లేవు.

మీ ఉత్తరం అక్క చదివి వినిపించింది. తర్వాత నేను మళ్ల చదువుకున్న. నీలవ్వకు నా దండం చెప్పుండ్రి. కానీ అన్నా, షట్టర్ దించేయుండ్రి. నేను ఎప్పుడు వస్తనో తెల్వదు. వస్తనో రానో గూడ తెల్వదు. ఇక్కడ తెలిసినోళ్ల బట్టల దుకాణంల కూసునే పని ఉన్నదని అక్క అంటుంది. కాఫీ గింజలు ఏంచే డ్రమ్ము మీరు చేసిచ్చిందే. మంచి గిరాకి దొరికితే మీరే అమ్మేయుండ్రి.

ఎందుకని అడగకుండ్రి.

ఒక్కటి మాత్రం రాయుండ్రి. పొద్దుగాల షట్టర్ లేపంగనే లోపలికెల్లి వాసన వస్తది గదా. అది ఎట్లుంటది? మీ తీరుగ, వరుసబెట్టి రాయుండ్రి. ఏదీ ఇడిచిపెట్టకుండ్రి.

మీ చెల్లె,
కరుణశ్రీ


ఆర్మూర్,
డిసెంబర్ 1.

సోదరి కరుణశ్రీ గారికి,

డ్రమ్ము అమ్మకం విషయం: గిరాకీ దొరకలేదు. వెతకలేదు కూడా.

షట్టరు విషయం: దించుదామని మీ మాటగా చెప్పాను. "లేషి వచ్చి ఆమెనే దించుకోమను," అని నీలవ్వ జవాబు.

ఇక మీరు కోరిన వాసన గురించి రాద్దామని కూర్చొని ఓడిపోయాను. "కాఫీ వాసన" అని రాశాక రెండో మాట రాలేదు. ఎన్నో వస్తువులకు కొలతలు రాసినవాడిని, ముక్కు ముందు నిలిచినదానికి పేరు పెట్టలేకపోయాను. అందుచేత మీ పొడి ఆఖరి డబ్బాతో కాఫీ తీసి, వచ్చినవారిని అడిగాను.

నీలవ్వ గ్లాసు ముఖం దగ్గర పెట్టుకొని వాసన పీల్చింది. "పొయ్యి మీద బెల్లం పాకం మాడబోయి ఆగినట్టు. ఇంకొక్క గడియ ఉంటే కరాబైతుండె అనిపిస్తది సూడు, గా వాసన," అన్నది.

జాన్ అన్నాడు: "వానల తడిసిన మనిషి పొయ్యి పక్కన కూసున్నట్టు. బట్టలు ఆరుతుంటే వస్తది గదన్నా."

ఎంకటి తనకు వాసనలు తెలియవు పొమ్మన్నాడు. నేను వదల్లేదు. చివరికి గ్లాసులు కడుగుతూ, నా వైపు చూడకుండా చెప్పాడు. "పొద్దంత పసుపు బస్తాలు మోస్తమన్నా. ముక్కు నిండ పసుపే. అన్నం తిన్నా పసుపే, పండుకుంటే పసుపే. గీ షట్టర్ లేషినప్పుడు ఒక్కపారి ముక్కు తెరుసుకుంటది. గప్పుడు యాదికొస్తది, దునియాల ఇంకేమేమో ఉన్నయని."

సోదరీ, నేను ఒక గోడ పక్కన ఉన్నాను ఇన్నేళ్లు. రోజూ కాఫీ తాగుతున్నానని మాత్రమే అనుకున్నాను. అదే సమయంలో, అదే బల్ల మీద, నా పక్క మనిషికి లోకం తిరిగి వస్తున్నదని నాకు తెలియదు.

వెనుక గదిలోని పచ్చి గింజల బస్తా గురించి ప్రత్యేకంగా రాయదగినది ఏమీ లేదు.

సాయంత్రం 6:15.
అంకం రఘునందన్


హైదరాబాద్,
డిసెంబర్ 14.

రఘునందన్ అన్నా,

ఎంకటి మాట మళ్ల మళ్ల చదువుకున్న. ఎన్ని దినాలు వాడు నా ముందట నిలబడి "ఒక చాయ్... ఛ, ఒక కాఫీ" అన్నడు! గింత సంగతి కడుపుల పెట్టుకున్నడని నాకేం ఎరుక?

నీలవ్వ చెప్పింది నిజం. మాడబోయి ఆగినట్టు. నేను ఎన్నడు గట్ల అనుకోలే గని, నేను ఏంచేటప్పుడు చూసేది గదే.

బస్తా గురించి రాయదగింది లేదన్నరు. మీరు ఫ్యూజు పోయినా రెండు పేజీలు రాస్తరు. బస్తాకేమైందన్నా?

ఇక్కడ అంత మంచిదే. మొన్న గ్యాస్ పైపు ఊడింది. అక్క మేడ మీద నుంచి ఉరికొచ్చి కిటికీలన్ని తెరిచింది. నేను స్టవ్ పక్కనే నిలబడి కూరగాయలు కోస్తున్న. అక్క నన్ను పట్టుకొని ఒక్కటే ఏడ్సుడు. ఉత్తగనే భయపడుతది.

మీ చెల్లె,
కరుణశ్రీ


ఆర్మూర్,
డిసెంబర్ 24.

సోదరి కరుణశ్రీ గారికి,

బస్తాకు ఏమైనదో రాస్తున్నాను. కూర్చొని చదవండి.

మీరు వేయించి ఉంచిన పొడి అయిపోయింది. బస్తా విప్పాము. గింజలు ఆకుపచ్చగా, గట్టిగా ఉన్నాయి. ఎంకటి ఒక చేట నిండా ఎత్తుకొని డ్రమ్ము వైపు నడిచాడు. నీలవ్వ ఆపింది.

"పచ్చివి పచ్చిగనే ఏంచుతరా? ఉడకబెట్టకుంట?"

"కరుణక్క ఉడకబెట్టంగ ఎన్నడు సూడలే," అన్నాడు జాన్.

"నువ్వు లేషేటాళ్లకు ఆమె సగం పని అయిపోతది. భూమిల పండింది ఏదైన ఒక్కటే బిడ్డా. పసుపును ఉడకబెట్టకుంట ఎండబోస్తే ఏమైతది? నాకు సెప్పకు."

ఆర్మూర్‌లో ఈ వాదనకు ఎదురు చెప్పగలవాడు లేడు. నేనూ తల ఊపాను. పెద్ద గంగాళంలో పోసి, నీళ్లు పెట్టి, గోనెపట్టా కప్పి ఉడికించాము. మెత్తబడినవో లేదో ఎంకటి పుల్లతో గుచ్చి చూశాడు. తరువాత మార్కెట్ యార్డు మూలన టార్పాలిన్ మీద ఎండబోసి, వంతులు వేసుకొని కోతులను తోలాము. కోతులు ఒక్కొక్క గింజ నోట్లో వేసుకొని, మా ముఖాలు చూసి, ఉమ్మి వెళ్లిపోయాయి. అది చూసైనా మాకు తెలిసి ఉండవలసింది.

ఎండినవాటిని వేయించాము. తడి గోనెసంచి కాలినట్టు వాసన వచ్చింది. నాందేడ్ నుంచి వచ్చిన పసుపు వ్యాపారి ఒకాయన తాగి, కొంతసేపు ఆలోచించి, ఇది దేనికి మందు అని అడిగాడు. జాన్ తడుముకోకుండా "దగ్గుకు" అన్నాడు. ఆయన మరునాడు మళ్లీ వచ్చాడు.

బస్తా మొత్తం పోయింది. నీలవ్వ అప్పటి నుంచి డ్రమ్ము వైపు తిరిగి కూర్చోవడం లేదు. ప్రస్తుతం మీ దుకాణంలో చాయ్ కాస్తున్నాము. రాయడానికి నాకు సిగ్గుగా ఉంది.

ఇప్పుడు నేనొకటి అడుగుతాను. మీ రెండు ఉత్తరాలు పక్కపక్కన పెట్టుకొని చదివాను. మొదటిదానిలో షట్టరు వాసన ఎలా ఉంటుందని అడిగారు. రెండోదానిలో ఊడిన గ్యాస్ పైపు పక్కన కూరగాయలు కోశారు. మీ అక్కగారిని నేను దవాఖానలో చూశాను, ఉత్తగనే భయపడే మనిషి కాదు. లోపల తీగ తెగితే మోటారు చెప్పదు, తిరగడం మానేస్తుంది, అంతే. మీకు ఇష్టం లేకపోతే దీనికి జవాబు రాయకండి.

సాయంత్రం 5:30.
అంకం రఘునందన్


హైదరాబాద్,
జనవరి 5.

అన్నా,

అవును. పడ్డ దినం నుంచి నాకు వాసన లేదు.

దవాఖానల మందుల వాసన రాకపోతే, ముక్కుకు గుడ్డ కట్టిండ్రేమో అనుకొని తడిమి చూసుకున్న. తలకు దెబ్బ తగిలినప్పుడు వాసన మోసే నరాలు తెగినయట. మళ్ల రావచ్చు, రాకపోవచ్చు అంటున్నరు. అక్క కాఫీ చేసి చేతికిస్తది. వేడి తెలుస్తది. చేదు తెలుస్తది. కాఫీ తెల్వదు.

గింజలు ఏంచేటప్పుడు రంగు కండ్లతోటి చూస్త. గింజ పగిలే చిటపట చెవులతోటి వింట. కానీ దించాల్నా, ఇంకో గడియ ఉంచాల్నా అనే ఆఖరి మాట ముక్కుదే. ఇప్పుడు గిరాకి ముందట ఏం పెడుతున్ననో నాకే తెల్వకుంట పెట్టాల్నా? మీరంత నా మీది పావురంతోటి, ప్రేమతోటి "మంచిగుంది, మంచిగుంది" అంటరు. మాడినా అంటరు. గది నాకొద్దన్నా. గట్ల బతికేదానికంటె బట్టల దుకాణం నయం. బట్టలు మంచిగ లేకపోతే కండ్లకు కనబడతది.

ఎవ్వలకు చెప్పకుండ్రి.

గింజలు ఉడకబెట్టిండ్రని చదివి నవ్విన. కోతుల కాడికి వచ్చేసరికి తల పగిలేటట్టు నొచ్చింది. అయినా నవ్విన. అక్క ఉరికొచ్చి మళ్ల ఏడ్సింది. ఈపారి గ్యాస్ ఏం లేదు.

కరుణశ్రీ


ఆర్మూర్,
ఫిబ్రవరి 2.

సోదరి కరుణశ్రీ గారికి,

ఎవరికీ చెప్పవద్దన్నారు. నేను చెప్పలేదు. అయినా నీలవ్వకు తెలిసింది.

"ఒక మనిషికి ముక్కు పనిచేయకుండా పోతే, ఆ మనిషి వంట చేయగలదా?" అని మాత్రమే అడిగాను. పేరు చెప్పలేదు. ఉదాహరణకు అని కూడా అన్నాను.

"కరుణకు ముక్కు పోయిందా?" అన్నది నీలవ్వ.

నేను అబద్ధం చెప్పడంలో సాధన లేనివాడిని. ఆమె చేతిలోని వంకాయలు గంపలో పడేసి, నా ముంజేయి పట్టుకొని, మార్కెట్ యార్డులోకి తీసుకుపోయింది. కొత్త పసుపు వచ్చి ఉంది. ఆమె కళ్లకు ఆ కుప్పలన్నీ ఒక పచ్చని మసక అని మీకు తెలుసు. ఒక కుప్పలో చెయ్యి పెట్టి కొమ్ము తీసి, నా చెవి దగ్గర విరిచింది. మెత్తగా, తడి పుల్ల విరిగినట్టు చప్పుడైంది. "పచ్చిది," అన్నది. ఇంకో కుప్పలో నుంచి మరొకటి తీసి విరిచింది. కంచు గ్లాసు అంచుకు గోరు తగిలినట్టు ఖణేలుమంది. "ఎండింది. కండ్లకు పొరలొచ్చినంక గూడ నా పసుపు నేనే సూసుకుంటున్న. ఒక్క బస్తా పచ్చిదిచ్చిందని ఎవడన్న అన్నడా? ముక్కు పోతే పోయింది. సెవులున్నయా లేవా?"

ఆ కొమ్ము సగం ఇప్పుడు నా బల్ల మీద ఉంది. ఈ ఊళ్లో పుట్టి పెరిగాను. పసుపు కొమ్ములు విరిచే చప్పుడు ఊయలలో ఉన్నప్పటి నుంచీ వింటున్నాను. అది ఏదో చెబుతున్నదని నాకు ఆ రోజు తెలిసింది. తిరిగి వస్తుంటే యార్డంతా, నాలుగు దిక్కులా, కొమ్ములు మాట్లాడుతూనే ఉన్నాయి. నిజంగానే రాస్తున్నాను.

చిటపట గురించి మీరే రాశారు. అయితే నేను చేసిచ్చిన డ్రమ్ము మోతలో ఆ చిటపట సగం మునిగిపోతుంది. కాబట్టి గొలుసు తీసి బెల్టు వేశాను. బేరింగులు మార్చాను. పొగ లాగే ఫ్యానును గోడ బయటికి జరిపాను. ఇప్పుడు తిరుగుతున్నదో లేదో చేత్తో తాకి చూసుకోవలసి వస్తున్నది.

కొత్త గింజల బస్తా కూడా వచ్చింది. ఎవరు తెప్పించారని అడిగితే అందరూ ఒకేసారి గ్లాసులు ఎత్తి చాయ్ తాగారు.

మీరు పావురం అని రాసిన మాట నీలవ్వతో అన్నాను. ఆమె జవాబును అక్షరం మార్చకుండా రాస్తున్నాను.

"పావురమా? సలిల లేషి వచ్చి ఆమె గిలాసలు కడిగిన. గిదంత ఉత్తగనేనా? ఇప్పుడు నా పసుపు ఉడుకుతది. కొమ్ములు ఇరుసుటానికి మనిషి గావాలె. ముక్కుతోటి పని లేదు, సేతులుంటె సాలు. బదులు రమ్మను."

మధ్యాహ్నం 1:20.
అంకం రఘునందన్


హైదరాబాద్,
ఫిబ్రవరి 12.

అన్నా,

నీలవ్వకు చెప్పుండ్రి, ఒకల బదులు నా నెత్తి మీద ఉంచుకునే దాన్ని కాదని. వస్తున్న. నాలుగు దినాలు పని చేసి పోత. గంతే. దుకాణం సంగతి ఎవ్వలు అడగొద్దు.

ఇప్పుడు ఊరి చుట్టూత పసుపు ఉడుకుతుండొచ్చు. ఎప్పుడైన బస్సుల నిద్రపోయినా, గా ఆవిరి వాసన తగలంగనే ఆర్మూర్ వచ్చిందని లేషేదాన్ని. ఈపారి ఎట్ల తెలుస్తదో ఏమో. కండక్టర్‌కు చెప్పి పెట్టుకుంట.

కరుణశ్రీ


ఆర్మూర్ నుంచి ఆర్మూర్‌కే,
గోడకు ఇవతలి నుంచి,
ఫిబ్రవరి 27.

సోదరి కరుణశ్రీ గారికి,

మనిషి పక్కనే ఉండగా ఉత్తరమెందుకని మీరు అడగవచ్చు. ఈ ఉదయం మీరు డ్రమ్ము వైపు తిరిగి, మాకు వీపు పెట్టి నిలబడ్డారు. వెనుక జరిగినది మీరు చూడలేదు. అది మీకు తెలియజేయడం రోజూ వచ్చే గిరాకీగా నా బాధ్యత అని భావిస్తున్నాను.

మీరు నీలవ్వ చేనులో నాలుగు రోజుల పని ముగించి, గోళ్ల నిండా పసుపుతో వచ్చి, మేకు మీది తాళంచెవి అడిగారు. ఎందుకని నేను అడగలేదు. షట్టరు లేపి అందరి ముందు అన్నారు: "నాకు వాసన వస్తలేదు. పడ్డప్పటి నుంచి. ఇయ్యాల ఒక్కపారి ఏంచి చూస్త. ఎట్లుందో మీరే చెప్పాలె. ఉత్తగ మంచిగుందంటే మాత్రం షట్టర్ దించి పోత, మళ్ల రాను."

అది విని జాన్ ఏదో జోకు వేయబోయి మానుకున్నాడు. అది నేను మొదటిసారి చూశాను.

మీరు గింజలు పోసి, కళ్లు మూసుకొని, డ్రమ్ముకు చెవి దగ్గరగా పెట్టారు. అప్పుడు వెనుక ఏం జరిగిందంటే, ఎంకటి దగ్గు రాకుండా టవల్ నోటికి అడ్డం పెట్టుకున్నాడు. జాన్ వీధిలోకి పోయి తన ఆటో ఆపాడు. వెనుక హారన్ కొడుతున్న లారీ డ్రైవరుతో ఏం చెప్పాడో తెలియదు. అతనూ ఇంజన్ ఆపి, చెప్పులు మెట్టు కింద విడిచి లోపలికి వచ్చాడు. గుళ్లోకి వచ్చినట్టు వచ్చాడు. నీలవ్వ కూడా కళ్లు మూసుకుంది. మూసుకున్నా తెరిచినా ఆమెకు పెద్ద తేడా లేదు గాని, మూసుకుంది.

మార్కెట్ రోడ్డు మీద అంతటి నిశ్శబ్దం ఉంటుందని నేను ఎరగను. గ్యాస్ మంట ఊపిరి వినబడింది. గింజలు డ్రమ్ములో దొర్లడం, ఇసుక జారినట్టు, వినబడింది. చాలాసేపు అంతే. మీ భుజాలు చెవుల దాకా ఎత్తి ఉన్నాయి.

అప్పుడు ఒకటి పేలింది. మక్క పేలినట్టే, అంతకంటే చిన్నగా. కొంత ఆగి మరొకటి. తరువాత రేకుల మీద వాన అందుకున్నట్టు చిటపటలు. నేను ఇన్నేళ్లు ఆ వాన పక్కనే కూర్చొని తడవలేదు. లారీ డ్రైవరు తెలియకుండానే చేతులు జోడించాడు. చిటపటలు సన్నగిల్లి, ఆగి, మళ్లీ సన్నగా, ఎండుటాకు నలిగినట్టు ఇంకో రకంగా మొదలైనప్పుడు మీరు మంట ఆపి గింజలు దించారు.

పొడి పట్టి, కాఫీ పోసి మా ముందు పెట్టి, మళ్లీ వెనక్కి తిరిగారు.

"మస్తున్నదక్కా," అన్నాడు జాన్. లారీ డ్రైవరు తల ఊపాడు. నీలవ్వ ఇంకో గుక్క తాగింది. నేను... నాకు బాగానే ఉంది. నా ముక్కు సంగతి మీకు తెలుసు.

ఎంకటి గ్లాసులోకి చూస్తూ, "జర మాడిందక్కా," అన్నాడు.

జాన్ అతని కాలు తొక్కాడు. అది మీకు కనబడలేదు. "ఏంది జాన్ అన్నా తొక్కుతవ్?" అని ఎంకటి పైకే అడిగాడు. "మాడితే మాడిందనే అంట. అప్పటిది బెల్లం మాడబోయి ఆగేది. గిది ఆగలే, జరంత దాటింది."

"అవ్, దాటింది," అన్నది నీలవ్వ. "నేను గూడ గదే అందామనుకున్న. గీ పోరడే ముందుగల్ల అన్నడు."

మీరు షట్టరు వైపు పోతారని నేను అనుకున్నాను. అప్పుడు మీ వీపు చూశాను. భుజాలు రెండూ దిగాయి. పెద్ద బస్తా దించిన హమాలీ భుజాలు దిగినట్టు దిగాయి. మీరు ఇటు తిరిగి, చెంపలు తుడుచుకోకుండానే, "ఎంత దాటింది ఎంకటీ?" అని అడిగారు.

"జరంతనే అక్కా. రెండోపారి సప్పుడు సురువైంది సూడు, గంతకు ముందు దించితే అయిపోతుండె."

"గట్లనా," అని మీరు కొత్త గింజలు కొలవడం మొదలుపెట్టారు.

ఆ సమయంలోనే ఎవరో కాలిన మోటారు తెచ్చినందున నేను ఇటు రావలసి వచ్చింది. మోటారు విప్పలేదు. దాని పక్కన కూర్చొని ఇది రాస్తున్నాను. గోడ అవతల ఇప్పుడే మొదటి చిటపట వినబడింది. జాన్ "ష్" అన్నాడు. వాన అందుకుంది. సన్నగిల్లుతున్నది. ఆగింది. రెండోది ఇంకా మొదలుకాలేదు.

మంట ఆపిన చప్పుడు వినబడింది.

నా గ్లాసు పట్టుకొని వస్తున్నాను.

ఉదయం 8:05.
అంకం రఘునందన్